ఒంటికంటి అద్దం లొల్లి

గంట సేపటి సంది చూస్తున్న బిడ్డా, నీ నోట్లె తిట్లు తప్ప ఇంకో మాట లేదు. అప్‌డేటు వచ్చిందట, ఆర్నెల్ల సంది కూడబెట్టుకున్న తుపాకి ఒక్క రాత్రిల ఉత్తదయిందట. కడుపు మండుతది, మండకుంటె ఎట్ల? పెదబాపుకు వడ్లు, యూరియా లైన్లు తప్ప ఆటల సంగతి ఏం తెలుసు అనుకుంటున్నరేమో మీరు. లండన్‌ల నౌకరి చేసే దినాలల్ల రాత్రి పూట నేను అంతరిక్షంల ఓడ నడిపిన. నవ్వకుండ్రి. ఆ మొద్దు జర లోపటికి నూకు, చలి కొడుతుంది. చెప్త.

ఈవ్ ఆన్‌లైన్ అని ఆట పేరు. చేసింది ఐస్‌లాండ్ దేశపోళ్లు. ఆ దేశం జనమంత కలిస్తె మన వరంగల్ పట్నం జనమంత కారు. రేక్యవిక్ అని వాళ్ల రాజధానిల 1997ల సీసీపీ అనే కంపెనీ పెట్టిండ్రు. అంతరిక్షం ఆట చెయ్యాలని కోరికైతె ఉంది గాని చేతిల పైసలు లేవు. ముందుగాల అట్ట మీద ఆడే ఆటొకటి తయారు చేసి అమ్మిండ్రు, ఆ వచ్చిన పైసలు దీనికి పెట్టిండ్రు. 2003 మే 6న ఆట బయటికొచ్చింది.

మీ ఆటలల్ల చచ్చిపోతె మళ్ల లేస్తరు, తుపాకి మళ్ల చేతిలనే ఉంటది. దాంట్ల అట్ల కాదు. ఓడ పేలిందంటె పాయె, ఇగ రాదు. బీమా పైసలు కొన్ని చేతిల పెడతరు, అంతే. లోకం సుత అందరికి ఒక్కటే. అమెరికావాడు, రష్యావాడు, నేను, అందరం ఒక్క కాడనే. చైనావాళ్లకు తర్వాత వేరేది పెట్టిండ్రనుకో. నక్షత్ర మండలాలు ఏడు వేల పైన. పెద్ద ఓడ నడపాలంటె దాని విద్య నేర్వాలె. ఆ నేర్చుడు గడియారం లెక్కన నడుస్తది, నువ్వు ఆడుకుంట కూసున్నా, దుప్పటి కప్పుకొని పండుకున్నా. ఒక్కో విద్యకు వారాలు, పెద్ద ఓడకైతె నెలలకు నెలలు. నేను పొద్దుగాల లేవంగనే మొఖం కడుక్కోక ముందు విద్య ఎంత దాక వచ్చిందో చూసుకునేటోణ్ణి. మీ పెద్దమ్మ తిట్టేది.

దినాం గ్రీనిచ్ టైము పదకొండు గంటలకు సర్వర్ బంద్ పెట్టేది, శుభ్రం చేసుకునేటందుకు. మనకు సాయంత్రం నాలుగున్నర. ఆ జరసేపు లోకమంత ఖాళీ.

ఒకపారి సామాను ఓడ నిండ సరుకు నింపుకొని, పోలీసు పహరా లేని అడ్డతొవ్వ పట్టిన. దగ్గరి తొవ్వ గదా అని ఆశ. గేటు కాడ దొంగలు కాపు కాసి ఉండిండ్రు. చిటికెల పేల్చి సరుకు ఏరుకొని పోయిండ్రు. వాళ్లల్ల ఒకడు పోతూ పోతూ 'మంచిగ ఆడినవు' అని రాసిండు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది. గాని కంపెనీని ఒక్క మాట అనలే. ఎందుకనాలె? దోచినోడు సుత నా లెక్కనే చందా కట్టి ఆడేటోడు. 2005ల ఇంకా పెద్దది జరిగింది. ఒక ముఠా మనుషులు ఇంకో ముఠాల చేరి, నెలలకు నెలలు నమ్మకంగ కొలువు చేసి, ఒక్క దినం నాయకురాలి ఓడ పేల్చి, గోదాములన్ని ఊడ్చుకపోయిండ్రు. 16,500 డాలర్ల సొమ్ము అని పేపర్లల్ల లెక్క కట్టిండ్రు. కంపెనీ ఏమన్నది? ఆటల అది చెల్లుతది అన్నది. జనం ఒప్పుకున్నరు.

అరె, అంత సహనం ఉన్నోళ్లు ఎందుకు లొల్లి చేసిండ్రు మరి అంటవా? ఆగు, అక్కడికే వస్తున్న.

మార్పులు మొదటి సంది ఉన్నయి. యూలై అని ఒక మండలం ఉండె, తొలి ఏండ్లల్ల పెద్ద సంత అక్కడనే. నాలుగు దిక్కులకెళ్లి పెద్ద తొవ్వలు అక్కడ కలిసేది. కంపెనోళ్లు ఆ తొవ్వలు తీసేసిండ్రు. సంత కూలిపోయింది. దుకాణాలు పెట్టుకున్నోళ్లు మూటముల్లె సర్దుకొని మెల్లగ జీటా అనే ఇంకో మండలానికి చేరిండ్రు. నాలుగో గ్రహం, నాలుగో చందమామ, అక్కడ ఒక స్టేషన్. అది సంత కావాలని ఎవ్వలు గీసి పెట్టలే, జనమే చేసుకున్నరు. ఈ జీటాను యాది పెట్టుకోండ్రి, మళ్ల వస్తది. 2008 చివర్ల మస్తు వేగంగ ఉరికే ఓడలుండె, వాటిని పట్టుకునుడు ఎవ్వని తరం కాదు. వాటి వేగం తగ్గించిండ్రు. మీ భాషల నెర్ఫ్. ఏడ్చిండ్రు, తిట్టిండ్రు, పోతం పోతం అన్నరు, పోలే. ఇంకో ఓడ ఎక్కిండ్రు.

ఇది వినుండ్రి, ఇది అసలు నవ్వులాట. 2007 డిసెంబర్ల బొమ్మలు మెరిసేటట్టు కొత్త ప్యాచ్ ఇచ్చిండ్రు. ఆటల బూట్ డాట్ ఐఎన్ఐ అని ఒక ఫైలు ఉండె, దాన్ని తీసెయ్యాలె. అప్పటి విండోస్‌ల సుత అదే పేరుతోని ఇంకో ఫైలు ఉండేది, అది లేకుంటె కంప్యూటరే లేవకపోయేది. ఈ మహానుభావులు రాసిన ప్యాచ్ పోయి కొందరి కంప్యూటర్లల్ల విండోస్ ఫైలును తీసేసింది! మళ్ల స్టార్ట్ చేస్తె తెర మీద ఏం లేదు. ఆట పాడుగాను, కంప్యూటరే పడుకున్నది. నేను సాఫ్ట్‌వేరోణ్ణి గదా, ఆ ప్యాచ్ రాసినోని తల్చుకుంటె ఇప్పటికీ నా అరచేతులల్ల చెమట పడుతది. కంపెనీ తప్పు ఒప్పుకున్నది, ఎట్ల జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పింది. మా సోపతిగాండ్లయితె నెల తిరిగేసరికి దాని మీద జోకులేసుకునుడు మొదలువెట్టిండ్రు.

అదే ఏడాది ఫిబ్రవరిల ఇంకోటి బయట పడ్డది. దాంట్ల ఒక్క కంప్యూటర్ సుత చెడిపోలే గాని కోపం మాత్రం ఏండ్ల తరబడి పోలే. కంపెనీల కొలువు చేసేటోడు ఒకడు, ఆటల పెద్ద ముఠాల ఉండుకుంట, ఎవ్వలికి దొరకని ఓడల నక్షలు దొంగతనంగ తెచ్చుకున్నడు. అంపైరే బ్యాటు పట్టుకున్నడన్నట్టు. అప్పటిసంది జనానికి కంపెనీ మీద ఒక కన్ను. దాని తర్వాతనే, 2008ల, ఆటగాళ్లు ఓట్లేసుకొని ఎన్నుకునే సభ ఒకటి పెట్టిండ్రు. సీఎస్ఎం అంటరు. గెలిచినోళ్లను కంపెనీ తన ఖర్చుతోని ఐస్‌లాండ్‌కు పిలిపించుకొని మాట్లాడేది. ఏదో పేరుకు పెట్టిండ్రు అనుకున్న నేనైతె. ఆ సభనే అవసరానికొచ్చింది.

మీకు ఒక్క ముచ్చట తెలిస్తె మిగిలిందంత తెలుస్తది. కౌలుకు దున్నేటోణ్ణి చూసిండ్రు గదా మనూర్ల. భూమి వానిది కాదు, పట్టా ఇంకొకరి పేరు మీద ఉంటది. గాని రాళ్లు ఏరింది వాడే, ఒడ్డు పెట్టింది వాడే, బాయిల పూడిక తీసింది వాడే. వడగండ్ల వాన పడితె తలకాయ పట్టుకుంటడు గాని పట్టాదారును అనడు. అదే పట్టాదారు వచ్చి 'ఈ మడి రేపటి సంది పైసలు ఎక్కువిచ్చినోనికి' అంటె? ఆటగాని సంగతి గంతే. రాసుకున్న కాయితంల అన్నీ కంపెనీవే, నీ ఓడ సుత నీది కాదు. అయినా ఆ లోకంల సంత పెట్టింది, యుద్ధాలు చేసింది, దోస్తానాలు కట్టింది ఆడేటోళ్లే.

ఇగ 2011కు వస్త.

ఆ ఏడు జూన్ 21న ఇంకార్నా అని పెద్ద మార్పు తెచ్చిండ్రు. ఏండ్ల సంది ఊరిస్తుండ్రు, ఓడ దిగి మనిషి లెక్క నడవొచ్చు, స్టేషన్లల్ల తిరగొచ్చు, పది మందిని కలవొచ్చు అని. తీరా వచ్చింది ఏంది? ఒక్క అర్ర. ఒక మంచం, ఒక సోఫా, ఒక టీవీ, ఒక దర్వాజ. ఆ దర్వాజ తెరుసుకోదు. అర్రల నువ్వొక్కనివే, ఇంకో పురుగు రాదు. నాలుగు జాతులుంటె నాలుగు జాతులోళ్లకు ఒక్కటే తుప్పు పట్టిన అర్ర. దాన్ని చూపియ్యనీకె కంప్యూటర్ కుతకుత ఉడికేది, ఫ్యాన్ మోతకు పక్కింటోళ్లు లేవాలె.

అంతకు ముందు స్టేషన్‌ల ఆగినప్పుడు మన ఓడ కండ్ల ముంగట నిలబడేది. మౌస్‌తోని పట్టుకొని గిర్రున తిప్పేది. మాటలాడుకుంట, యుద్ధం కోసం ఎదురు చూసుకుంట, ఉత్తగనే తిప్పేది. దాంతోని ఒరిగేదేం లేదు. అది తీసేసిండ్రు, దాని జాగల అర్ర పెట్టిండ్రు. బయటోనికి ఇది చెప్తె నవ్వుతడు. ఓడ తిప్పుడు పోయిందని ఏడుస్తరా అంటడు. ఏడ్చినం మరి.

అర్రతోని పాటు దుకాణం తెరిచిండ్రు. ఆటల సంపాదించిన పైసలు అక్కడ నేరుగ చెల్లవు, అసలు పైసలతోని కొన్న వేరే నాణేలు కావాలె. ఏం అమ్ముతుండ్రు? అంగీలు, బూట్లు, ఇంకా ఒక ఒంటికంటి అద్దం. ఎనుకట దొరలు ఒక్క కంటికి పెట్టుకునేది చూడు, గసుంటిది. దాని ధర అరవై డాలర్ల పైన! అప్పటి లెక్కల మన పైసలు 2,700 దగ్గర. లేని కంటికి లేని అద్దం. అర్రల నువ్వు తప్ప ఎవ్వలు లేరాయె, పెట్టుకుంటె చూసేదెవరు? నీ ఫొటోల తప్ప కనవడది. నెల చందా పదిహేను డాలర్లు అప్పుడు. నాలుగు నెలల చందా ఒక్క అద్దానికి.

అయినా అద్దం ఒక్కటే అయితె జనం ఎక్కిరించి ఊకుందురు. రెండు మూడు దినాలల్లనే కంపెనీ లోపటి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. ఫియర్‌లెస్ అని పేరు. అత్యాశ మంచిదేనా అని అట్ట మీదనే అడుగుతుండ్రు. లోపట ఓడలు, మందుగుండు సుత పైసలకు అమ్మితె ఎట్లుంటది అని రాతలు. లోపట్లోళ్లు వాదన కోసం రాసుకున్నం అన్నరు తర్వాత. ఎవ్వలు నమ్మాలె? అంగీ అమ్మితె సరే. గెలుపు అమ్మితె నెలలకు నెలలు నేర్చిన విద్య ఏం కావాలె?

దాని ఎనుకనే కంపెనీ పెద్ద హిల్మార్ పేటుర్సన్ తన నౌకర్లకు రాసిన ఉత్తరం సుత బయట పడ్డది. ఆటగాళ్లు ఏమంటున్నరో పట్టించుకోకుండ్రి, ఏం చేస్తరో అది చూడుండ్రి అన్నది దాని సారం. వ్యాపారం లెక్కన తప్పు మాట కాదది. ఎన్నడూ లేనంత మంచి మాట అనుకో, మనకు చేసి చూపెట్టే తొవ్వ దొరికింది గదా.

చేసిండ్రు. జీటాల స్టేషన్ ముంగట ఒక పెద్ద స్మారకం బొమ్మ ఉండె. వందల ఓడలు, వేల ఓడలు అక్కడ మూగినయి. ఒకరి మీద ఒకరు ఏండ్ల సంది యుద్ధం చేసేటోళ్లు పక్కపక్కన నిలబడి ఆ బొమ్మ మీద కాల్చిండ్రు. కొడితె పగిలేది కాదది. తెలుసు, తెలిసే కొట్టిండ్రు. దీపావళి అనుకో, తెర నిండ వెలుగులు. నా పాత పగోడు, మా ముఠాను రెండు ఏండ్లు ఏడిపించినోడు, పక్కకొచ్చి 'అన్నా, తూటాలున్నయా?' అన్నట్టు ఇంగ్లీషుల అడిగిండు. ఇచ్చిన.

ఎనుక వేల మంది సప్పుడు లేకుంట చందాలు బంద్ చేసిండ్రు.

వారం తిరగకముందే కంపెనీ ఆ సీఎస్ఎం సభ్యులను రేక్యవిక్‌కు ఉరికిచ్చి పిలిపించుకున్నది. కూసుండి మాట్లాడిండ్రు. జులై మొదట్ల ఇద్దరు కలిసి మాటిచ్చిండ్రు, గెలుపును అమ్మం, సోకు సామాన్లే అమ్ముతం అని. నమ్మినోళ్లు నమ్మిండ్రు. అక్టోబర్ల హిల్మార్ ఆటగాళ్లకు బహిరంగంగ ఉత్తరం రాసిండు, నేను వినలే, తప్పు నాదే అని. అంత పెద్ద కుర్చీల ఉన్నోడు అట్ల రాసుడు నేను నా నౌకరి మొత్తంల చూడలే, నేను పనిచేసిన కాడనైతె అసలే చూడలే.

మీకు చెప్పని ముక్క ఒకటుంది. ఆ ఉత్తరం వచ్చిన రెండు వారాలకు కంపెనీల నూటికి ఇరవై మందిని తీసేసిండ్రు. ఎక్కువ మంది అమెరికాల, అట్లాంటాల ఇంకో ఆట మీద పని చేసేటోళ్లు. అద్దం ధర పెట్టింది వాళ్లు కాదు. మేం గెలిచినమని కేకలేసిన రాత్రే వాళ్లు డబ్బాలల్ల సామాను సర్దుకున్నరు. నౌకరి పోయినోని బాధ తెలిసినోణ్ణి గాబట్టి అంటున్న, ఆ గెలుపు నాకు పూర్తిగ దిగలే.

నవంబర్ 29న క్రూసిబుల్ అని కొత్త విడత వచ్చింది. అర్ర ముచ్చట పక్కకు పెట్టి ఓడల మీద పడ్డరు. ఏండ్ల సంది అడుగుతున్న చిన్న చిన్న రిపేర్లన్నీ చేసిండ్రు. మళ్ల ఓడ తిప్పనిచ్చిండ్రు! ఎన్ని తాపలు తిప్పినవో లెక్క చెప్పే అంకె సుత పెట్టిండ్రు పక్కన. జీటాల ఆ బొమ్మను కూలిపోయినట్టు చేసి, లొల్లి జరిగిందని దాని మీద రాసి పెట్టిండ్రు. ఆ తెరుసుకోని దర్వాజ అర్రను 2017ల మొత్తానికే పీకేసిండ్రు.

అందరు కంపెనోళ్లు ఇట్ల తప్పు దిద్దుకోలే. గదే 2003ల, ఈవ్ వచ్చిన నెలన్నరకు ఇంకో ఆట పుట్టింది, స్టార్ వార్స్ గెలాక్సీస్. సోనీ వాళ్లది. నేను ఆడలే గాని మా ఆఫీసుల ఒకాయన దాంట్లనే బతికేటోడు. కోట్లాడుడే పని కాదు దాంట్ల. దర్జీ కావొచ్చు, వంటలు చెయ్యొచ్చు, ఆట పాటలతోని అలిసినోళ్లకు సేద తీర్చొచ్చు. ముప్పై దాటిన వృత్తులుండె. జెడై అనే వీరుడు కావాలంటె నెలల తపస్సు. 2005 నవంబర్ 15న అంత తుడిచేసి తొమ్మిది రకాలు చేసి పెట్టిండ్రు. జంతువులను మచ్చిక చేసుకునేటోళ్ల వృత్తే లేకుండ పోయింది. ఏడాది కష్టపడి జెడై అయినోని పక్కన, నిన్న వచ్చినోడు సుత మొదటి దినమే జెడై. రెండు వారాల ముందే కొత్త విడత అంటగట్టిండ్రు, లొల్లికి భయపడి దాని పైసలు వాపసిస్తం అన్నరు. పైసలు వాపసిచ్చిండ్రు సరే, ఏండ్లు? మా ఆఫీసాయన వారం దినాలు ఎవ్వలతోని సక్కగ మాట్లాడలే. 2011 డిసెంబర్ 15న, ఈవ్ తేరుకున్న రెండు వారాలకు, ఆ ఆటను మూసేసిండ్రు.

ఈవ్‌వాళ్లు బుద్ధి తెచ్చుకొని అటెన్క కిక్కురుమనలే అనుకునేరు. 2016ల ఒకని తలల విద్యను గుంజి ఇంకొకనికి ఎక్కించే సూదులు తెచ్చిండ్రు. గడియారం లెక్కన నేర్చుడు అనే మాటకు అప్పుడే నీళ్లొదిలిండ్రు, నన్నడిగితె అద్దం కన్న అది పెద్ద దెబ్బ. అప్పటికి నాకు ఓపిక తగ్గింది. 2019 జులైల, చట్టం లేని మండలాలల్ల ఎవ్వలున్నరో చూపే జాబితా తీసేసి చీకటి చేసిండ్రు, సెప్టెంబర్ల మళ్ల పెట్టిండ్రు. 2022ల చందా పదిహేను డాలర్లకెళ్లి ఇరవై చేసిండ్రు.

అన్ని మార్పులు చెడ్డవి అంటె కండ్లు పోతయి. వేల ఓడలు ఒక్క కాడ మూగితె సర్వర్ కుప్పకూలేది. అప్పుడు కాలాన్నే మెల్లగ నడిపే ఉపాయం చేసిండ్రు. గుంపు పెరిగినకొద్ది ఆ మండలంల గడియారం పదో వంతు దాక తగ్గుతది. దాని పుణ్యాన 2014 జనవరిల బీఆర్5ఆర్‌బీ అనే కాడ ఇరవై ఒక్క గంటల యుద్ధం జరిగింది. 7,500 దాటిన మనుషులు దాంట్ల కొట్లాడిండ్రు, 75 టైటాన్లు పేలినయి. టైటాన్ అంటె అన్నింటి కన్న పెద్ద ఓడ. మూడు లక్షల డాలర్ల నష్టమని ప్రపంచమంత రాసిండ్రు. మొదలు ఎట్లయిందో తెలుసా? ఒక ముఠావాళ్లు ఆ మండలం కిరాయి కట్టలే, అంతే. ఆ ఏడాదే రేక్యవిక్ రేవు కాడ ఆటగాళ్ల పేర్లు చెక్కి స్మారకం నిలబెట్టింది కంపెనీ. నా పేరు సుత ఉంది దాని మీద, మీ పెద్దమ్మకు చెప్తె 'ఆ పేరు మీద ఒక ఎకరం కొన్నా అక్కరకొచ్చు' అన్నది.

ఇగ నీ తుపాకి సంగతి. బలం తగ్గించిండ్రు, అంతే గదా? రెండు వారాలు ఆగి ఇంకోటి నేర్చుకో, తిట్టకు, అది చేసినోడు సుత ఎక్కడో రాత్రి పూట చాయ్ తాగుకుంట కూసున్న నౌకరోడే. బలం తీసి పైసలున్నోనికి అమ్ముతున్నరా, అది చూసుకో ముందు. అమ్ముతుంటె మీ నాయిన కార్డు అందులకెళ్లి తీసెయ్యి. జీటాల మేం కాల్చిన తూటాలకు కంపెనీకి దమ్మిడీ ఖర్చు కాలే. హిల్మార్ తోని ఉత్తరం రాయించింది ఆగిపోయిన చందాలే.